నిప్పుసెగ తగిలితేగాని లేవని విత్తు

విత్తు వేస్తే నీళ్లు పోయాలని మనకు చిన్ననాడే తెలుసు. కాని సిస్టస్ అనే పొద గింజలు ఆ మర్యాదకు లొంగవు. రోజూ తడిపినా చాలామట్టుకు ఇసుకరేణువుల్లా పడి ఉంటాయి.

ఇది మధ్యధరా సముద్రతీరపు మొక్క. స్పెయిన్, పోర్చుగల్, మొరాకో కొండవాలుల్లో తనంత తానే పెరుగుతుంది. ముడతలు పడిన పట్టుగుడ్డలాంటి తెల్లని, గులాబి రంగు రేకులు. పువ్వు ఒక్కరోజు ముచ్చటే. అక్కడ వానలన్నీ చలికాలంలోనే. ఎండిన వేసవిలో కార్చిచ్చు రేగితే తల్లిపొద కాలిపోతుంది, మోడు మళ్లీ చిగర్చదు. మట్టిలోని గింజకు మాత్రం, నీటిని చొరనివ్వని పైతోలు ఆ సెగకు బీటలు వారుతుంది. తరువాతి వానలకు మసిబారిన నేలంతా మొలకలే! వేసవిలో ఏదో ఒక జల్లుకు మోసపోయి మొలిచి ఉంటే, వారం తిరక్కుండా మాడిపోయేది గదా.

తోటలో చిచ్చు పెట్టలేము కనుక, నీళ్లు మరిగించి దించి, ఒక నిమిషమాగి గింజల మీద పోసి, తెల్లవారేదాకా వదిలేయాలి. ఉబ్బని గింజలకు మళ్లీ అదే స్నానం. గరుకు కాగితంతో రుద్దేవారూ ఉన్నారు గాని, గింజ ఒక్క మిల్లీమీటరు. చెయ్యి బరువైతే పిండే మిగులుతుంది. తరువాత ఇసుక కలిపిన మట్టి మీద చల్లి, పైన పల్చగా ఇసుక జల్లాలి. 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. అన్ని పొదలకూ ఇదే వైద్యం కాదు సుమా! మర్టిల్ గింజకు పండు గుజ్జు కడిగితే చాలు.

2024 ఫిబ్రవరిలో బార్సిలోనా ప్రాంతంలో కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించి, తోటలకు మంచినీళ్లు పోయడంపై గట్టి ఆంక్షలు పెట్టారు. పచ్చిక పెంచుకున్నవారికి దిగులు పట్టుకునే రోజులవి. సిస్టస్‌కు మొదటి వేసవిలో అప్పుడప్పుడు వేరు తడిసేలా పోస్తే, వేళ్లూనిన తరువాత వానే ఆధారం. ఎరువు అసలే వద్దు. బలిసిన నేలలో దాని ఆయుష్షు తక్కువ.

మన వేడి వానాకాలం దీనికి పడదు. కాని మన మెట్టల్లో బంగారంలా పూసే తంగేడు గింజకూ ఇటువంటి గట్టి తోలే ఉంది. వానలకు ముందు గుప్పెడు గింజలు ఏరి తెచ్చి, సగం వేడినీళ్లలో నానవేసి, సగం అలాగే వేసి, రెండు కుండీలు పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లలకు మంచి కాలక్షేపం కూడాను.