కోడు కూర్పునందు నియమమును, అవసరమును

నేడు హైస్కూలు విద్యార్థులు సయితము తమ తరగతికో, గ్రంథాలయమునకో ఉపకరించు చిన్న చిన్న వెబ్ అప్లికేషనులను స్వయముగా వ్రాయుచున్నారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే వీరిలో రెండు తెగలవారు కలరు. మొదటి తెగవారు పని జరిగిన జాలునని, పుటను చూపు భాగమును, లెక్కలు కట్టు భాగమును, డేటాబేసు నడుగు ప్రశ్నలను ఒకే ఫైలులో కలగలిపి వ్రాయుదురు. రెండవ తెగవారు పుస్తకములందు చదివిన ప్రతి నియమమును పాటింపబూని, పది పంక్తులతో తీరు పనికి ఇరువది ఫైలులు సృష్టింతురు. ఇరువురును తొందరపడుచున్నారని మా యభిప్రాయము. నియమములన్నియు ఒకే జాతివి కావు. వానిని రెండుగా విభజించి చూడవలయును.

నియమములు ఊరక పుట్టినవి కావు. ముందు ముందు మారగల నిర్ణయముల నొక్కొక్కదానిని ప్రోగ్రామున ఒక్కొక్క భాగమునందు దాచియుంచుట మేలని 1972లో డేవిడ్ పార్నాస్ వాదించెను. నార్వే దేశీయుడగు ట్రిగ్వె రీన్‌స్కౌగ్ 1979లో జిరాక్సువారి పాలో ఆల్టో పరిశోధనాలయమున నుండగా, సమాచారమును, దానిని చూపు రూపమును, ఉపయోగించువాని ఆజ్ఞలను గ్రహించు భాగమును వేరుపరుచు 'మోడల్, వ్యూ, కంట్రోలర్' పద్ధతిని రూపొందించెను. రైల్స్, లారవెల్, జాంగో మున్నగు ఫ్రేమువర్కులు ఈ భావమునే తమ తమ రీతుల ననుసరించుచున్నవి.

ఉదాహరణమునకు, పరీక్షాఫలితములను చూపు అప్లికేషను నొకదానిని తీసికొందము. విద్యార్థి తన హాల్‌టికెట్టు సంఖ్యను టైపు చేయును. మార్కులు తెరపై కనబడును. ఆ సంఖ్యను నేరుగా ఎస్.క్యూ.ఎల్. ప్రశ్నలో అతికించినచో, కొంటెవా డెవడైన సంఖ్యకు బదులు ఎస్.క్యూ.ఎల్. తునకను టైపు చేసి అందరి మార్కులను చూడగలడు. ఒక్కొక్కప్పుడు మార్పనుగూడ గలడు. కావున ప్రశ్న స్వరూపమును, టైపు చేసిన విలువను వేర్వేరుగా డేటాబేసునకు పంపవలయును. అట్లే పాస్‌వర్డులను ఉన్నవున్నట్లు దాచక, తిరిగి విప్పరాని హాష్ రూపమున నుంచవలయును. ఈ నియమములు యాబది పంక్తుల కోడునకును తప్పవు. ఏలయన, వీనిని మీరినచో నష్టము వ్రాసినవానికి గాదు, మనల నమ్మి తమ వివరముల నిచ్చినవారికి. ఒకపరి బయటపడిన రహస్యమును మరల దాచ నెవరితరమును గాదు.

రెండవ జాతి నియమములు వ్రాయువారి సౌకర్యము కొరకైనవి. కోడును పొరలుపొరలుగా విభజించుట, ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వీసు నేర్పరచుట మొదలగున విట్టివి. పై అప్లికేషనునకు డేటాబేసు ఒక్కటియే. ఎన్నడో మరియొక డేటాబేసునకు మారుదుమేమో యని ఇప్పుడే దాని ముందు మూడు పొరలు కట్టుట 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము' అన్నట్లుండును. గొప్ప సంస్థలును ఈ పాఠమును నేర్చినవి. అమెజాన్ ప్రైమ్ వీడియో ఇంజనీర్లు ప్రసారముల నాణ్యతను పరీక్షించు తమ సాధనమును, విడివిడి భాగములుగా నున్నదానిని, ఒక్కటిగా కూర్చగా వ్యయము నూటికి 90 పాళ్ళకు పైగా తగ్గినదని 2023లో ప్రకటించిరి.

'తరువాత సవరింతుమన్నవారు ఎన్నడును సవరింపరు' అని కొంద రాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపణ న్యాయమైనదే. వార్డ్ కనింగ్‌హామ్ 1992లో అసంపూర్ణమగు కోడును అప్పుతో పోల్చెను. వెంటనే తీర్చిన అప్పు పనిని ముందుకు నడుపును. తీర్చనిది వడ్డీతో పెరుగును. కావున సవరణకు తగిన గుర్తులను ముందే యెరిగియుండవలయును. ఉత్తీర్ణతకు 35 మార్కులను నియమము కోడునందు మూడుచోట్ల వ్రాయబడినదనుకొందము. ఆ సంఖ్య మారినపుడు రెండుచోట్ల దిద్ది మూడవచోట మరచినచో, ఒకే బాలిక ఒక పుటపై ఉత్తీర్ణురాలుగను, మరియొక పుటపై తప్పినదిగను కనబడును. ఆ పుటను చూచిన తలిదండ్రుల దుఃఖమునకు మన సౌకర్యము సమాధానము కాజాలదు. కోడునందలి చిందరవందర ఇతరులను తాకు ననిపించిన దినముననే రెండవ జాతి నియమము మొదటి జాతిలో చేరును. అప్పుడా నియమమును ఒక్క ఫంక్షనునందు చేర్చి, 34, 35 మార్కులతో పరీక్షించి చూడవలయును. పనికిమాలిన పొర లవసరము లేదు. ఈ యొక్క ఫంక్షను మాత్రము కావలయును.

ఉపాధ్యాయులకును మాదొక మనవి. విద్యార్థి కోడునకు మార్కులు వేయునపుడు ఫైలుల నెన్నకుడు. రాబోవు సంవత్సరపు విద్యార్థి దానిని చదివి, ఒక చిన్న మార్పును నిర్భయముగా చేయగలడా యని చూడుడు. వ్రాసినవాడు పదవ తరగతి ముగించి వెడలిపోవును. అప్లికేషను మాత్రము పాఠశాలలో నిలుచును. దానిని నమ్మువారును నిలిచియుందురు.