జ్వరానికి ఏ కార్డు?

సాయంత్రం హైదరాబాద్ మోతీనగర్‌లో ఏ క్లినిక్ ముందు నిలబడినా బీమా మాట వినిపించదు. ఫీజెంత, వారంలో మళ్లీ వస్తే ఫ్రీగా చూస్తారా అన్న ఆరాలే వినిపిస్తాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి గుండె ఆపరేషన్ అందించింది, అది చిన్న మేలు కాదు. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది కూడా. కానీ గుండె దాకా రాకముందే బీపీ చూసి మాత్ర రాసే డాక్టరుకు అందులో చోటు దాదాపు లేదు. కంపెనీల మెడిక్లెయిమూ అంతే, చాలావరకు బెడ్డెక్కితేనే పలుకుతుంది. ఈ విషయంలో కార్మికుల బీమా ఈఎస్ఐ ఎంతో నయం. డిస్పెన్సరీలో డాక్టరు, చేతికి మందులు, అవసరమైతే సనత్‌నగర్ పెద్దాసుపత్రికి చీటీ, అన్నీ ఒక్క కార్డు మీదే. అయితే నెలజీతం 21 వేలు దాటితే ఆ కార్డు రాదు. నాలుగిళ్లలో పాచిపని చేసే ఆవిడకూ రాదు, రోజుకో షూటింగులో లైట్లు మోసే చాలామందికీ అందదు. వీళ్లకు మిగిలింది 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానా. అక్కడ కార్డు అడగరు, మందులూ ఉచితమే. కాకపోతే అది పగటిపూట తెరిచి ఉంటుంది, పగలు పనికెళ్లకపోతే వీళ్లకు ఆ రోజు కూలి పోతుంది. బీమా పరిమితిని ఇంకో లక్ష పెంచేముందు దవాఖానాను రాత్రి తొమ్మిదిదాకా నడపండి, ఆ వేళకు డాక్టరు కుర్చీలో ఉండేలా జీతమివ్వండి.