వంతుల కాగితం నిలబెట్టిన ఇల్లు

పండక్కి ఇంటినిండా చుట్టాలుంటారు. వంటింట్లో మాత్రం ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళే కనిపిస్తారు. అవునా, కాదా? "పదిమందిలో పాము చావదు" అన్నారు పెద్దలు. ఎవరో ఒకరు చేస్తారులే అని అందరూ అనుకుంటే పని అక్కడే పడి ఉంటుంది. అయితే పదిమంది సొత్తయినా తొంభై ఏళ్ళు దాటి నిలిచిన ఇల్లొకటుంది. ఈ వారం దాని కథ చెబుతాను.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో, డోనర్ కనుమ దగ్గర నార్డెన్ అనే చోట ఉందది. ఎత్తు సుమారు 7,000 అడుగులు, అంటే మన తిరుమల కొండకు రెండింతల పైమాటే. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే మన పిల్లలు మంచు చూడ్డానికి కార్లేసుకుని వెళ్ళే దారుల్లో ఇదీ ఒకటి.

1892లో జాన్ మ్యూర్ వంటి ప్రకృతి ప్రేమికులు సియర్రా క్లబ్ పెట్టారు. 1930ల నాటికి సభ్యులకి స్కీయింగ్ మీద మోజు పుట్టింది. కాళ్ళకు పొడుగాటి పలకలు తగిలించుకుని మంచుమీద జారే ఆట అన్నమాట. ఆట సరే, రాత్రి తలదాచుకునేదెక్కడ? అవి ఆర్థికమాంద్యం రోజులు. అందుకని 1934లో సభ్యులే స్వచ్ఛందంగా శ్రమదానం చేసి ఓ పెద్ద చెక్క బస కట్టుకున్నారు. 1922-24లో క్లబ్బు అధ్యక్షుడుగా చేసిన జడ్జిగారి పేరు మీద "క్లెయిర్ టాపన్ లాడ్జి" అని పిలుచుకున్నారు.

కట్టడం ఒక ఎత్తయితే, నడపటం మరో ఎత్తు కదా! నౌకర్లని పెట్టుకుంటే ఖర్చు. అందుకే బసకొచ్చిన ప్రతివారూ రోజుకో పని చెయ్యాలని ఆనవాయితీ పెట్టుకున్నారు. కాగితం మీద పనులు రాసి ఉంటాయి. కూరలు తరగటం, గిన్నెలు కడగటం, ఊడవటం, గుమ్మం ముందు మంచు ఎత్తిపొయ్యటం. ఎవరికి వారే పేరు రాసుకోవాలి. భోజనాలు అందరికీ కలిపే. పక్కబట్టలు ఎవరివి వారే తెచ్చుకోవాలి. వకీలైనా, గుమాస్తా అయినా, ఆడైనా, మగైనా ఒకటే పద్ధతి.

ఇదేదో సరదాకి అనుకునేరు! అక్కడి మంచు సంగతి వినండి. దగ్గర్లోనే మంచుని కొలిచే పరిశోధనశాల ఒకటుంది. 1951-52 శీతాకాలం మొత్తం మీద 812 అంగుళాలు, అంటే 67 అడుగుల పైచిలుకు మంచు కురిసిందని లెక్క. ఆ జనవరిలోనే ఆ కొండల్లో ఓ రైలు 226 మందితో మూడు రోజులు మంచులో ఇరుక్కుపోయింది. 2022-23లో కూడా 754 అంగుళాలు పడింది. అలాంటి చోట గుమ్మం ముందు పార పట్టేవాళ్ళు లేకపోతే, పొయ్యిలోకి కట్టెలు అందించేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? ఇంటిపని అంటే ప్రాణాలు నిలిపే పని అని అక్కడ ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. మన ఇళ్ళల్లో మంచు పడదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ కనిపించదు, అంతే!

నాకు నచ్చిందల్లా ఆ కాగితమే. నోటితో "కాస్త సాయం చెయ్యండి" అంటే సణుగుడులా వినిపిస్తుంది. గోడమీద రాసి పెడితే అది ఇంటి పద్ధతి అవుతుంది. ఈసారి పండక్కి మీరూ ప్రయత్నించండి. నీళ్ళు పట్టడం, విస్తళ్ళు వెయ్యటం, వడ్డన, అంట్లు, పక్కలు వెయ్యటం అన్నీ విడివిడిగా రాయండి. బావగారైనా, ఆడపడుచైనా, పదేళ్ళ పిల్లాడైనా ఎవరికి నచ్చిన పని పక్కన వాళ్ళే పేరు రాసుకోవాలి. ఒక్క షరతు. వాళ్ళు కడిగిన గిన్నెని మీరు మళ్ళీ కడక్కూడదు! కాస్త జిడ్డున్నా సరే, చూసీ చూడనట్టు ఊరుకోవాలి. లేదంటే మర్నాటికి కాగితంలో మీ పేరొక్కటే మిగుల్తుంది.

మరి మీ ఇంట్లో ఆ కాగితం మీద మొదటి పేరు ఎవరు రాస్తారో చూడండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.