కాంటా చూసినట్టే కబురునూ చూద్దాం

మార్కెట్ యార్డులో బస్తా కాంటా ఎక్కేటప్పుడు మనం పక్కకు చూడం. కాంటా సున్నా దగ్గర ఉందో లేదో చూస్తాం. తరుగు పేరుతో కిలో ఎక్కువ కోస్తే నిలదీస్తాం. ఎన్నోసార్లు మోసపోయి నేర్చుకున్న జాగ్రత్త అది. ఫోన్‌లో వచ్చే కబురు విషయంలో మాత్రం ఆ జాగ్రత్త కనబడడం లేదు. తూకం వేయకుండానే నమ్ముతున్నాం, నలుగురికీ పంపుతున్నాం. తప్పుడు కబురు కూడా తప్పుడు కాంటా లాంటిదే. చివరికి కోత పడేది రైతు రాబడిలోనే.

2020 ఫిబ్రవరి, మార్చి నెలలు గుర్తు చేసుకుందాం. కోడి మాంసం తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో ఊరూరా ప్రచారం జరిగింది. దానికి ఏ ఆధారమూ లేదు. ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులే వేదికెక్కి జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. అయినా ధర పడిపోయింది. కోళ్లను మేపలేక, అమ్మలేక బతికుండగానే గోతిలో పూడ్చిన రైతులున్నారు. దాణాకు గిరాకీ తగ్గడంతో మొక్కజొన్న రైతుకూ దెబ్బ తగిలింది. ఆ మెసేజ్ రాసినవాడికి ఒక్క రూపాయి నష్టం లేదు. దాన్ని ముందుకు పంపినవాళ్లలో మన రైతు కుటుంబాల వాళ్లూ ఉన్నారన్నదే బాధ.

ఈ మధ్య మోసం నేరుగా బ్యాంకు ఖాతా మీదికే వస్తోంది. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతారు. 2,000 రూపాయల విడత ఆగిందేమోనన్న కంగారులో రైతు దాన్ని నొక్కుతాడు. అనుమతులన్నీ ఇచ్చేస్తే ఫోన్ మోసగాళ్ల చేతికి పోతుంది, ఓటీపీలు వాళ్లకు చేరతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. ఎంత తెలిసినవాళ్లు పంపినా అలాంటి ఫైలు తెరవొద్దు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

పంట ధర, ఖాతాలో డబ్బుతో పాటు మన పోరాటాన్ని కూడా అబద్ధం దెబ్బతీస్తుంది. 2021 జనవరి 26న ఎర్రకోట దగ్గర రైతులు జాతీయ జెండాను దించి ఖలిస్తాన్ జెండా ఎగరేశారని దేశమంతా ప్రచారం జరిగింది. జాతీయ జెండా దాని చోటనే ఎగురుతోందని, ఎగరేసింది వేరే స్తంభం మీద సిక్కుల మత చిహ్నమైన నిషాన్ సాహిబ్ అని వీడియోలను పరిశీలించినవాళ్లు తేల్చారు. ఆ రోజు జరిగిన ఘటనలను ఉద్యమ నాయకులే తప్పుపట్టారు, అది వేరే సంగతి. కానీ జరగనిదాన్ని జరిగినట్టు చెప్పి, నెలల తరబడి చలిలో కూర్చున్న లక్షల మందిని దేశద్రోహులన్నారు.

అవతలి వాళ్ల అబద్ధాల గురించే మాట్లాడి ఊరుకుంటే సరిపోదు. అదే ఉద్యమ సమయంలో కెనడా ప్రధాని ట్రూడో రైతులకు మద్దతుగా నేల మీద కూర్చున్నారంటూ ఒక ఫొటో తిరిగింది. నిజానికి అది 2015లో ఆయన ఒట్టావాలోని ఒక గురుద్వారాకు వెళ్లినప్పటిది. రైతుల మీద అభిమానంతోనే చాలామంది దాన్ని పంచారు. కానీ అలాంటిది ఒక్కటి బయటపడితే చాలు, మనం చెప్పే నూరు నిజాలను కూడా కొట్టిపారేస్తారు. ‘వాళ్లు వెయ్యి అబద్ధాలు ఆడుతుంటే మనం ఒకటి ఆడితే తప్పేంటి’ అని మన కార్యకర్తలే కొందరు అంటున్నారు. తప్పే. అధికారం, డబ్బు, చానళ్లు వాళ్ల దగ్గరున్నాయి. మన దగ్గరున్నది జనం నమ్మకం. దాన్ని పోగొట్టుకుంటే మనకు మిగిలేదేమీ లేదు.

ఢిల్లీ సరిహద్దుల్లోని రైతులు అబద్ధానికి అబద్ధంతో జవాబు చెప్పలేదు. 2020 డిసెంబరులో పంజాబీ, హిందీ భాషల్లో ‘ట్రాలీ టైమ్స్’ అనే పత్రిక మొదలైంది. శిబిరాల్లో ఏం జరుగుతోందో ఆ పత్రికే చెప్పింది. 2021 నవంబరు 19న మూడు చట్టాలను వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని ప్రకటించక తప్పలేదు. తమ మాట తామే చెప్పుకోగలగడం కూడా ఆ ఉద్యమ బలాల్లో ఒకటని మేం భావిస్తున్నాం.

మరి కబురును తూచేదెలా? ఇదేమీ పెద్ద చదువు కాదు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ రాసి ఉంది అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. ప్రభుత్వ ఉత్తర్వు అంటే జీవో నంబరు, తేదీ ఉండాలి. మద్దతు ధర కేంద్ర మంత్రివర్గం ప్రకటించేది. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. ‘రేపటి నుంచి కొనుగోళ్లు బంద్’ అని మెసేజ్ వస్తే, తక్కువకు తెగనమ్ముకునే ముందు కేంద్రానికి వెళ్లి అడగాలి. రైతు భయపడితే లాభపడేది ఎవరో ఆలోచించాలి. ఫొటో మీద అనుమానం ఉంటే గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తే అది ఇంతకు ముందు ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో చాలాసార్లు బయటపడుతుంది. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. పురుగు మందు, విత్తనం గురించిన సలహా అయితే 1800-180-1551 నంబరులో కిసాన్ కాల్ సెంటర్‌ను తెలుగులోనే అడగొచ్చు. వైరల్ వార్తల నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి సంస్థలు హైదరాబాద్ నుంచే పనిచేస్తూ తెలుగులో రాస్తున్నాయి.

కేంద్ర ప్రభుత్వానికి పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం ఉంది. దొంగ పథకాల గుట్టు తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. కానీ ప్రభుత్వ విధానం మీదనే వాదన వచ్చినప్పుడు ప్రభుత్వమే తీర్పరి కాలేదు. తన గురించిన వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చేలా కేంద్రం 2023లో తెచ్చిన ఐటీ నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. అబద్ధాన్ని ఆపే పేరుతో విమర్శ నోరు నొక్కడాన్ని మేం ఒప్పుకోం.

పాలకులకూ ఒక మాట. సమాచారం లేని చోటే పుకారు పుడుతుంది. యూరియా ఎంత వచ్చిందో చెప్పకపోతే, అసలు రాదన్న పుకారుకు జనం తెల్లవారుజామునే చెప్పులు లైనులో పెడతారు. నిల్వ, ధర బోర్డు మీద రాసి పెట్టాలని 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఎప్పుడో చెప్పింది. ప్రతి దుకాణంలో, ప్రతి సహకార సంఘంలో ఆ బోర్డు రోజూ రాయించాలి. కొనుగోలు కేంద్రాల్లో ధర, తేమ శాతం, గన్నీ సంచుల లెక్క అందరికీ కనబడేలా పెట్టాలి. వ్యవసాయ అధికారులు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో వారానికోసారి సరైన సమాచారం ఇవ్వాలి.

మన వంతు పనీ ఉంది. ప్రతి గ్రామ కమిటీ ఫోన్ బాగా తెలిసిన ఇద్దరు యువతీయువకులకు ఈ బాధ్యత అప్పగించాలి. తేదీ, ఊరు, ఎవరు చెప్పారన్నది లేని మెసేజ్‌ను సంఘం గ్రూపులో పెట్టకూడదు. పొరపాటున పెడితే, తప్పని తెలిసిన వెంటనే అదే గ్రూపులో దిద్దుకోవాలి. అందులో నామోషీ ఏమీ లేదు. ఫోన్ లేని పెద్దలకు, కౌలు రైతులకు, కూలీ అక్కచెల్లెళ్లకు నెలవారీ సమావేశంలో ఆ నెల తిరిగిన పుకార్లను, వాటి వెనకున్న నిజాలను చదివి వినిపించాలి. వచ్చే సమావేశం నుంచే ఈ పని మొదలుపెట్టాలని అన్ని గ్రామ కమిటీలకూ పిలుపునిస్తున్నాం.