స్టెప్నీ జాకీని నమ్ముకోకండి

సంపాదకులకు,

వెనక షాకబ్జర్లు ఇంట్లోనే మార్చుకోవచ్చన్న మీ వ్యాసంతో నాకు పేచీ లేదు. స్ప్రింగు వేరుగా, షాకబ్జర్ వేరుగా ఉండే చిన్న కార్లలో అది ఒక పూట పనే. కానీ స్టెప్నీ జాకీతో ఎత్తి పని కానివ్వమనడం ప్రాణం మీదికి తెచ్చే సలహా. ఆ జాకీ టైరు మార్చడానికే. బండి కిందికి దూరాలంటే గట్టి నేల మీద స్టాండ్లు పడాల్సిందే. ఇటుకలు పేర్చడం అసలే వద్దు, బరువుకి పగులుతాయి.

వ్యాసకర్త వదిలేసిన సంగతి ఇంకొకటుంది. యాక్సిల్ కింద మరో జాకీ ఆనించకుండా షాకబ్జర్ కింది బోల్టు ఊడదీస్తే యాక్సిల్ ఒక్కసారిగా కిందికి జారుతుంది. స్ప్రింగు ఊడిపడొచ్చు, బ్రేకు పైపు తెగొచ్చు. తుప్పు పట్టిన బోల్టుకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే సగం తిట్లు తప్పుతాయి. కొత్తవి వేశాక, బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టుకు ఆఖరి బిగింపు ఇవ్వాలి. యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఒక్క షాకబ్జరే కారుతున్నా రెండూ మార్చాలి.

ముందు చక్రాల స్ట్రట్ల జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు, వాటిలో స్ప్రింగు నొక్కి బిగించి ఉంటుంది. వచ్చే సంచికలో ఈ జాగ్రత్తలు కూడా వేయగలరు.

– ఒక పాఠకుడు, కాకినాడ