చీర ఒకటి, లెక్కలు రెండా?

చేనేత సహకార సంఘాల పాలకవర్గాలకు, చీరల షాపుల యజమానులకు విన్నపం

ఆన్‌లైన్ షాపు తెరిచిన చోటల్లా స్టాకు లెక్క రెండు ముక్కలవుతోంది. వెనక గదిలో ఏళ్లనాటి కంప్యూటర్, అందులో ఖాతాలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్. కొనేవాళ్ల ఫోన్లలో ఫొటోలతో వెబ్‌సైటు. రెండింటినీ కలిపేది గుమస్తా చేతులే. రాత్రి వచ్చిన ఆర్డర్లను పొద్దున టాలీలో కొట్టాలి, కౌంటర్‌లో అమ్ముడైన చీరను తీరిక దొరికినప్పుడు వెబ్‌సైటులోంచి తీసేయాలి. పెళ్లిళ్ల రోజుల్లో ఆ తీరిక ఎక్కడిది? స్టాకుకు ఒక్కటే లెక్క ఉండాలి, అది టాలీలో ఉండాలి, వెబ్‌సైటు దాన్ని అడిగి అమ్మాలి. నా వాదన ఇంతే. పాతదాన్ని పారేయమని కాదు, కొత్తదానితో కలపమని.

సబ్బులమ్మే షాపులో ఒకటి అయిపోతే అలాంటిదే ఇంకొకటి పంపుతారు. పోచంపల్లి ఇక్కత్‌కో, ఉప్పాడ జాందానీకో అది కుదరదు. ఫొటో చూసి డబ్బు కట్టినామెకు ఆ అంచు, ఆ కొంగు ఉన్న ఆ చీరే కావాలి. టాలీలో మాత్రం చాలాచోట్ల ‘ఉప్పాడ జాందానీ – 24’ అని రకం లెక్కే ఉంటుంది. వెబ్‌సైటు ఒక్కో ఫొటోను ఒక్కో సరుకుగా లెక్కిస్తుంది. రెండు లెక్కలూ సరైనవే, కానీ ఒకదాని భాష ఇంకోదానికి తెలియదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ కంటే ముందు కావాల్సింది ట్యాగు. మగ్గం మీంచి దిగి మజూరీ రాసే రోజునే చీరకు ఒక నంబరు పడాలి. టాలీలో, వెబ్‌సైటులో, బిల్లులో అదే నంబరు నడవాలి. ఇంకొక చిక్కు పేర్లది. టాలీ సరుకును పేరుతో గుర్తిస్తుంది. ఒకే రకాన్ని ముగ్గురు గుమస్తాలు మూడు స్పెల్లింగుల్లో ఎక్కించి ఉంటే దాని దృష్టిలో అవి మూడు సరుకులు. ఈ పేర్లను సరిచేయడమే అసలు చాకిరీ. దాన్ని దాటేసి ప్రోగ్రాం రాయించుకుంటే డబ్బు దండగ.

కలపడం అసాధ్యమేమీ కాదు. టాలీ ఎక్స్‌ఎంఎల్ రూపంలో వోచర్లు తీసుకుంటుంది, అడిగితే స్టాకు చెబుతుంది. మామూలుగా 9000 నంబరు పోర్టు మీద. షాపు కంప్యూటర్‌లోనే ఒక చిన్న ప్రోగ్రాం పెడితే, అది కొన్ని నిమిషాలకోసారి వెబ్‌సైటు నుంచి ఆర్డర్లు తెచ్చి టాలీలో వేస్తుంది, మిగిలిన స్టాకును వెబ్‌సైటుకు పంపుతుంది. రాత్రి కంప్యూటర్ ఆపేసినా ఫర్వాలేదు. కౌంటర్ కూడా మూసే ఉంటుంది గనక ఆఖరున పంపిన లెక్క సరిపోతుంది, ఆర్డర్లు వరుసలో ఆగుతాయి. ప్రతి వోచర్‌లో ఆర్డర్ నంబరు ఉండాలి, వేసేముందు ఆ నంబరు టాలీలో ఇప్పటికే ఉందా అని ప్రోగ్రాం చూసుకోవాలి. లేకపోతే మధ్యలో కరెంటు పోయి మళ్లీ పంపినప్పుడు ఒకే అమ్మకం రెండుసార్లు పడుతుంది. లెడ్జర్ పేరు తప్పయితే టాలీ సందేశం అందినట్టే జవాబిస్తుంది, తప్పు ఆ జవాబు లోపల రాసి ఉంటుంది. దాన్ని చదవని ప్రోగ్రాం ఆర్డర్‌ను చడీచప్పుడు లేకుండా పోగొడుతుంది. నిమిషాల ఎడంలోనూ ఒకే చీర రెండుచోట్ల అమ్ముడు కావచ్చు, నిజమే. ముందు డబ్బు కట్టినవారిదే చీర అని ముందే నియమం రాసుకుంటే సరి.

డబ్బు లెక్కలో నష్టం ఇంకా లోతు. మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మితే అది కమీషన్, రవాణా ఖర్చు తీసుకుని, జీఎస్టీ చట్టం 52వ సెక్షన్ కింద టీసీఎస్ (మూలం దగ్గరే వసూలు చేసే పన్ను) పట్టుకుని, మిగిలింది బ్యాంకులో వేస్తుంది. 2018 అక్టోబరు నుంచి 1 శాతంగా ఉన్న ఆ కోత 2024 జూలై 10 నుంచి 0.5 శాతం. అయిదు వేల చీరకు నాలుగు వేల చిల్లర బ్యాంకులో పడిందనుకుందాం. చేత్తో ఎక్కించేవారు ఆ నాలుగు వేల చిల్లరనే అమ్మకంగా రాసేయడం తేలిక. మార్కెట్‌ప్లేస్ మాత్రం తన జీఎస్‌టీఆర్-8 రిటర్నులో కమీషన్ తీయని విలువ చూపిస్తుంది. తేడా వస్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది సంఘమే. పట్టుకున్న టీసీఎస్ కూడా అడిగేవారు లేక ఉండిపోతుంది. ఆర్డర్ నుంచే నేరుగా వోచర్ పడితే అమ్మకం, కమీషన్, టీసీఎస్ వేటికవి వాటి లెడ్జర్లలో చేరతాయి.

అన్నీ కలిసిన కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే పోదా అంటారు. నేతగాళ్లకిచ్చిన నూలు, బకాయిలు, పాత ఆడిట్లు అన్నీ టాలీలోనే ఉన్నాయి. వాటిని తరలించడంలో పోయే అంకె నేతగాడి అంకె కావచ్చు. ఖాతాలు ఇంటర్నెట్‌కు తెరిచినట్టవుతుందన్న భయం సరైనదే. అందుకే 9000 పోర్టును బయటికి తెరవకూడదు. షాపు లోపలి ప్రోగ్రామే బయటికి వెళ్లి అడగాలి. ఆన్‌లైన్‌కు వేరే బీరువా కేటాయిస్తే చాలనేవారి మాట చిన్న షాపుకు నిజంగానే చాలు. కానీ వందల చీరలున్న సంఘంలో బీరువాలో దాచిన చీర షాపుకొచ్చిన మనిషికి కనపడదు, అంతవరకు పెట్టుబడి నిద్రపోతుంది.

వచ్చే పాలకవర్గ సమావేశంలో తీర్మానం పెట్టండి. ముందు ఒక్క రకానికి ట్యాగులు వేసి, ముహూర్తాలు లేని నెలలో పాత పద్ధతినీ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపి, ప్రతి సాయంత్రం రెండు లెక్కలూ సరిచూడండి. తేడా లేకుండా నెల గడిచాకే మిగతా రకాలు కలపండి. ప్రోగ్రాం రాసిచ్చేవారితో ఒప్పందంలో సోర్స్ కోడు, పేర్ల జాబితా, పాస్‌వర్డులు సంఘానికే చెందుతాయని రాయించండి. ఆ వాక్యం లేకపోతే సంతకం పెట్టకండి.