‘మంచి మనిషే’ అని చెప్పే ముందు

పసిబిడ్డను చూసుకోవడానికి ఆయాను పెట్టుకోదలచిన కుటుంబాల నుంచి ఈమధ్య తరచుగా ఒక ప్రశ్న వస్తోంది. ఆమె గురించి పోలీసుల ద్వారా విచారణ చేయించడం ధర్మసమ్మతమేనా? దివ్యఖుర్ఆన్ వారించిన దురనుమానం కిందికి అది రాదా? భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఉన్నాయి. నానీ మదనపల్లెలో, దాదీ పలమనేరులో ఉండిపోతే బిడ్డను పరాయి చేతికి అప్పగించక తప్పదు. కనుక ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు.

సమాధానం సూరా హుజురాత్‌లోనే ఉంది. పన్నెండవ ఆయత్ దురనుమానాన్నీ, ఇతరుల గుట్టు వెదకడాన్నీ నిషేధిస్తుంది. అదే సూరాలోని ఆరవ ఆయత్, నమ్మదగని మనిషి తెచ్చిన వార్తను నిర్ధారించుకొమ్మని ఆదేశిస్తుంది. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. ఆమెకు ముందే చెప్పి, బిడ్డ క్షేమానికి సంబంధించినంత మేరకు తెలుసుకోవడం నిర్ధారణ. ఆమె విడాకుల కారణాలు, పుట్టింటి తగాదాలు ఇరుగుపొరుగుల చేత చెప్పించుకొని విని ఆనందించడం తజస్సుస్. మొదటిది బాధ్యత, రెండవది పాపం. మన ఇళ్లలో తరచుగా మొదటిది మానేసి రెండవది చేస్తుంటారు.

ఇక విచారణ సంగతి. చాలామంది ఆధార్ కార్డు జిరాక్సు తీసుకొని పని పూర్తయిందనుకుంటారు. ఆధార్ ఆమె ఎవరో చెబుతుంది, ఎటువంటిదో చెప్పదు. ఇంటి పనివారి పూర్వాపరాల విచారణకు పోలీసు శాఖను కోరే ఏర్పాటు ఉంది. 2017 ఆగస్టులో కేంద్ర హోంశాఖ ప్రారంభించిన డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో ఈ సేవ కూడా ఒకటి. అయితే దరఖాస్తులో ఇచ్చే చిరునామాలే విచారణకు ఆధారం. మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఆమె పుట్టినూరు కుప్పం, మెట్టినిల్లు వేలూరు, అయిదేళ్లు పని చేసింది బెంగళూరులో కావచ్చు. పైగా 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోయింది. ఒకే మనిషి పాత కాగితాల్లో ఒక జిల్లా, కొత్త కాగితాల్లో మరో జిల్లా ఉండవచ్చు. ఇప్పుడున్న ఇంటి చిరునామా ఒక్కటే ఇస్తే, వచ్చే జవాబు కూడా ఆ మేరకే ఉంటుంది. కాబట్టి గతంలో ఆమె నివసించిన ఊళ్లన్నీ అడిగి రాయాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆయా పేరుతో పన్నెండేళ్ల ఆడపిల్లను తెచ్చి, తన కంటే కొంచెమే చిన్న బిడ్డను ఎత్తించే ఇళ్లు ఉన్నాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి చట్టరీత్యా నేరం. అటువంటి ఇంట్లో విచారించవలసింది ఆ పిల్లను కాదు.

విచారణలో ఏదో ఒక కేసు బయటపడిందనుకోండి. అప్పుడేం చేయాలి? ముందు అది ఆమె మీద ఉన్న కేసా, ఆమె వాళ్ల మీద ఉన్న కేసా చూడాలి. ఎర్రచందనం కేసుల్లో కూలీలుగా ఇరుక్కున్నవారు మన ప్రాంతంలోనూ, సరిహద్దు ఆవలి తమిళ జిల్లాల్లోనూ ఉన్నారు. అన్న జైలుకు వెళ్లాడని చెల్లెలి జీవనోపాధి తీసివేయడానికి మనకు హక్కు లేదు. ఒకరి బరువు మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ పదేపదే చెప్పిన సూత్రం. తర్వాత, కేసు నమోదు కావడం వేరు, నేరం రుజువు కావడం వేరు. కోర్టు కొట్టివేసిన కేసును మనం ఇంట్లో కూర్చొని తిరిగి తెరవడం న్యాయం కాదు.

సూరా ఖసస్‌లోని హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని ఈ దృష్టితో చదివినవారు తక్కువ. ఆయన చేతి దెబ్బకు ఈజిప్టులో ఒక మనిషి చనిపోయాడు. ఆయన ఉద్దేశం చంపడం కాదు. అయినా పాలకులు వెదకుతుంటే మద్‌యన్‌కు వెళ్లిపోయారు. అక్కడి వృద్ధునికి తన కథంతా విన్నవించుకున్నారు. వృద్ధుడు విన్నాడు, అభయమిచ్చాడు. ఆ తర్వాతే కూతురు ఆయనను పనికి పెట్టుకొమ్మని తండ్రికి సూచించింది. బలం, విశ్వసనీయత రెండూ ఉన్నవాడే పనికి తగినవాడని చెప్పింది. ఎనిమిదేళ్ల ఒప్పందం కుదిరింది. అంటే ఆ ఇంటివారు గతాన్ని అడగకుండా చేర్చుకోలేదు, విన్న తర్వాత తరిమివేయనూ లేదు. పొట్టకూటి కోసం చేసిన చిన్న దొంగతనం కేసు పదేళ్ల క్రితం ముగిసిపోతే, ఆమె దాచకుండా చెబితే, ఆ తర్వాత నిజాయితీగా బతికిన ఆనవాళ్లు ఉంటే, నేనైతే ఆమెకు పని ఇవ్వమనే అంటాను. పిల్లలను హింసించిన నేరం, పిల్లలపై లైంగిక అఘాయిత్యం మాత్రం వేరు. ఆ మనిషి తౌబా అల్లాహ్‌కూ ఆ మనిషికీ మధ్య విషయం. దానికి పరీక్షగా మన బిడ్డను పెట్టనక్కరలేదు.

ఆ కూతురి మాటలో గమనించవలసింది మరొకటి ఉంది. ఆమె విన్నది చెప్పలేదు, చూసింది చెప్పింది. తమ మందకు ఆయన నీళ్లు తోడి పెట్టిన తీరు ఆమె కళ్లారా చూసినదే. పోలీసు రికార్డు చేరలేని చోటికి ఇటువంటి సాక్ష్యమే చేరుతుంది.

2012 అక్టోబరులో మూడు రోజుల తేడాతో అమెరికాలో జరిగిన రెండు ఘోరాలు దీనికి నిదర్శనం. పెన్సిల్వేనియాలో ఒక తెలుగు కుటుంబానికి చెందిన పది నెలల పాపనూ, ఆమెను చూసుకుంటున్న నానమ్మనూ చంపినవాడు మరో తెలుగువాడు, ఆ కుటుంబానికి పరిచయస్థుడు. డబ్బు కోరుతూ రాసిన లేఖలో ఆ తల్లిదండ్రుల ముద్దుపేర్లు ఉండటం వల్లనే పోలీసుల దృష్టి తెలిసినవారి మీదికి మళ్లింది. న్యూయార్క్‌లో ఇద్దరు పసిపిల్లలను వాళ్ల ఆయాయే చంపింది. ఆమెకు నేరచరిత్ర లేదు. ఎంత విచారణ చేయించినా కాగితం తెల్లగానే వచ్చేది. కానీ పిల్లలను చూసుకున్న అనుభవం ఆమెకు ఉన్నదని ఆమె బంధువులు చెప్పిన మాట అబద్ధమని తర్వాత తేలింది. ఆ పిల్లల పేరుతోనే 2018లో న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. పిల్లల సంరక్షకుల అర్హతల గురించి తెలిసి అబద్ధం చెప్పడం అక్కడ ఇప్పుడు శిక్షార్హమైన నేరం.

మనకు ఈ నియమం కొత్తది కాదు. అబద్ధపు సాక్ష్యాన్ని మహాప్రవక్త (స) ఘోరపాపాలలో లెక్కించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఎదుట ఒకాయన మరొకరి మంచితనానికి సాక్ష్యం చెప్పబోతే, ఆయన మూడు సంగతులు విచారించారు. అతని రాకపోకలు తెలిసిన పొరుగువాడివా? అతనితో డబ్బు లావాదేవీ చేశావా? కలిసి ప్రయాణం చేశావా? మూడింటికీ కాదన్న జవాబే వచ్చింది. అయితే నీకు అతను తెలియడు అని ఉమర్ (రజి) తేల్చి, తెలిసినవారిని తీసుకురమ్మన్నారు.

మన దగ్గర ‘మంచి మనిషే, పెట్టుకోండి’ అన్న మాట ఎంత తేలికగా వస్తుందో అందరికీ తెలుసు. ఒకరి ఇంట్లో మానేసిన ఆయాకు ఎక్కడో ఒకచోట పని దొరికితే చాలునని, జాలితోనో వదిలించుకోవాలనో అనేస్తారు. బిడ్డను కొట్టిందని తెలిసి కూడా గీబత్ అవుతుందని నోరు మూసుకునేవారూ ఉన్నారు. ఇది గీబత్ కాదు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనను వివాహమాడగోరిన ఇద్దరి గురించి సలహా అడిగినప్పుడు, ఒకరు భుజం మీది కర్ర దించనివారనీ, మరొకరు పేదవారనీ మహాప్రవక్త (స) ఉన్నది ఉన్నట్లు చెప్పారు. సలహా కోరినవారికి తెలిసిన లోపం చెప్పడాన్ని ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో అనుమతించిన సందర్భాలలో చేర్చారు. అడిగినంతకే, అవసరమైనంతకే చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి.

కనుక పూర్వపు యజమానురాలితో ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడి సరిపెట్టుకోకుండా, వీలైతే ఇంటికి వెళ్లి కలవండి. ఎంతకాలం చేసింది, బిడ్డ వయసెంత, జబ్బు చేసినప్పుడు ఏం చేసింది, ఎందుకు మానేసింది అని అడగండి. అక్కడ బిడ్డ ఉంటే, ఆయా పేరు వినగానే ఆ బిడ్డ ముఖం చూడండి.

ఒక సంగతి మిగిలింది. రాయచోటి, మదనపల్లె, పీలేరు వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్‌లో పిల్లలను పెంచడానికి వెళ్తున్నారు. తాము పెంచే ఇల్లు ఎటువంటిదో విమానం దిగేదాకా వారికి తెలియదు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి వారానికి ఒక సెలవు, పని గంటలకు హద్దు నిర్ణయించింది. మన ఇంటికి వచ్చే ఆయాకు ఆ రెండింటి గురించి మనం నోరు విప్పుతున్నామా? ఇంట్లో మగవారు ఏ వేళల్లో ఉంటారో, ఆమె వారితో ఏకాంతంగా ఉండవలసిన పరిస్థితి రాదని ఎవరు పూచీ ఇస్తారో అడిగే హక్కు ఆమెకూ ఉంది. ఇంతకు ముందున్న ఆయా ఎందుకు మానేసిందని ఆమె అడిగితే, కోపగించుకోకుండా ఆ ఇంటి ఇల్లాలు నిజమే చెప్పాలి.